పత్రికాధిపతిని కొండలు నడిపించిన కథకుడు: జాన్ బకన్

స్కాట్లండు దేశపు నైరుతి మూలనున్న గాలొవే సీమలో ఊళ్ళు తక్కువ, కొండలు ఎక్కువ. ఆ కొండలపై చెట్టు అరుదు. గడ్డియు, ఊదాపూల హెదర్ పొదలును, కాలు దిగబడు బురదనేలలును మెండు. 1930లో వెలువడిన 'కాజిల్ గే' అను నవలలో ఇట్టి ప్రదేశమునందే ఒక పత్రికాధిపతి తప్పిపోవును. ఆతని పేరు థామస్ కార్లైల్ క్రా. ఎన్నియో పత్రికలకు యజమాని. లోకమునకు నిత్యము హితము బోధించువాడు. కాని తన ముఖమును మాత్రము లోకమునకు చూపనొల్లడు. లక్షలమందికి వార్తలందించు ఆ పెద్దమనిషి తానే ఒక వార్త యగుదునేమోయని వణకుచుండును. విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు తమ ఎన్నికల కోలాహలములో మరొకరనుకొని ఆతనిని ఎత్తుకొనిపోయి, కొండల నడుమ ఒక పల్లెటూరి యిల్లాలి కుటీరమున దిగవిడుతురు. అచ్చట హాస్యము మొదలగును. దాని వెన్నంటియే రహస్యమును నడచును.

ఈ కథ వ్రాసినవాడు పత్రికలను వెలుపల నిలిచి వెక్కిరించినవాడు కాడు. వారపత్రికను నడపినవాడు, ప్రచురణసంస్థలో భాగస్వామి, రాయిటర్ వార్తాసంస్థకు డైరెక్టరు, మొదటి ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు ప్రభుత్వపు ప్రచారశాఖకు అధిపతి. అచ్చుయంత్రము మనుజుని ఎంత పెద్దగా చూపగలదో, ఆ పెద్దతనము వెనుక అసలు మనుజుడు ఎంత చిన్నవాడై దాగియుండునో ఆయనకు తెలిసినంతగా తెలిసినవారు ఆ దినములలో అరుదు. ఆయన నవ్వు ఎంత లోతునుండి వచ్చినదో గ్రహింపవలెనన్న జీవితమును మొదటినుండి చూడవలెను.

జాన్ బకన్ 1875వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన పెర్తు పట్టణమున జన్మించెను. తండ్రి ఫ్రీ చర్చికి చెందిన మతాచార్యుడు. ఆయన పేరును జాన్ బకనే. తల్లి హెలెన్ మాస్టర్టన్, ట్వీడ్ నది ఎగువ సీమలో గొఱ్ఱెల పెంపకము వృత్తిగా గల కుటుంబమున పుట్టినది. బాలునకు సుమారు ఐదేండ్ల ప్రాయమున ఒక ప్రమాదము సంభవించెను. బండినుండి జారిపడగా చక్రము తలప్రక్కగా పోయి పుఱ్ఱె చిట్లెను. ఇంచుమించు ఒక సంవత్సరము పడకలోనే గడచెను. లేచిన పిమ్మట నడక మరల నేర్చుకొనవలసివచ్చెను. నొసటిపై ఆ మచ్చ జీవితాంతము నిలిచిపోయెను. నడకను రెండుమారులు నేర్చిన ఆ బాలుడే పెరిగి పెద్దవాడై, దినమునకు ఇరువది ముప్పది మైళ్ళు నడచు వీరులను సృష్టించెను.

ఫైఫ్ జిల్లాలోని కర్కాడీ పట్టణమున ఆ కుటుంబము కాపురముండెడిది. వేసవి సెలవులలో పిల్లలు మాతామహుల గ్రామమగు బ్రాటన్‌కు పోవుచుండిరి. అచ్చట గొఱ్ఱెల కాపరులు, చేపలు పట్టువారు, దారిన పోవు దేశదిమ్మరులు బకన్‌కు గురువులైరి. ఏ వాగు ఏ కొండ నడుమ పుట్టునో, పొగమంచు క్రమ్మినపుడు దారి ఎట్లు కనుగొనవలెనో పుస్తకము తోడు లేకయే నేర్చెను. ఇంట తండ్రి సరిహద్దు సీమల జానపదగేయములను పాడుచుండెను. ఆదివారములయందు బన్యన్ రచించిన 'యాత్రికుని ప్రయాణము' చదువుట ఆచారము. భారము మోయుచు బురదలు, కొండలు దాటి గమ్యము చేరు బాటసారి కథ ఆ బాలుని మనస్సున నాటుకొనెను. తరువాతి కాలమున ఆయన వ్రాసిన నవలలన్నింటను మూలమున ఈ బాటసారియే కనబడును. వెంటాడువారు వెనుక, తెలియని కొండ ముందు, నడుమ ఒంటరి మనుజుడు.

1888లో కుటుంబము గ్లాస్గో నగరమునకు తరలెను. హచెసన్స్ పాఠశాలలో చదివి, పదునేడవ యేట గ్లాస్గో విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట గ్రీకు భాషాచార్యుడు గిల్బర్టు మరే ఆతని ప్రతిభను గుర్తించెను. 1895లో విద్యార్థివేతనముతో ఆక్స్‌ఫర్డులోని బ్రేజ్‌నోజ్ కళాశాలకు పోయెను. మతాచార్యుని యింట ధనము విస్తారముగా లేదు. కావున చదువుకొనుచునే వ్రాసి ఆర్జింపవలసివచ్చెను. ప్రచురణకర్తలకు వ్రాతప్రతులు చదివిపెట్టి అభిప్రాయము తెలుపుట, పత్రికలకు వ్యాసములు పంపుట, నవలలు వ్రాయుట చదువుతోపాటు సాగినవి. మొదటి నవల 1895లోనే వెలువడెను. 1898లో ఇంకను విద్యార్థిగా ఉండగనే ప్రముఖుల వివరములు తెలుపు 'హూ ఈజ్ హూ' గ్రంథమున ఆయన పేరు చేరెను. వ్యాసమునకు, కవిత్వమునకు బహుమానములు, విద్యార్థిసంఘపు అధ్యక్షపదవి, పట్టపరీక్షలో ప్రథమశ్రేణి ఒకదాని వెనుక నొకటి లభించెను. ఆల్ సోల్స్ కళాశాలలో సభ్యత్వమొక్కటి అందలేదు. పేదయింటి పిల్లవానికి పనియే రక్షయని అప్పుడు పట్టుబడిన నమ్మకము ఆయనను జీవితాంతము విడువలేదు, విశ్రాంతియు తీసికొననీయలేదు.

1901లో న్యాయవాదిగా పట్టా పుచ్చుకొనెను. 'స్పెక్టేటర్' వారపత్రికకు వ్రాయుచుండెను. ఆ యేడే దక్షిణాఫ్రికాలో బ్రిటిషు హైకమిషనరుగా నున్న మిల్నర్ ప్రభువు ఆయనను కార్యదర్శిగా పిలిపించుకొనెను. బోయర్ యుద్ధమువలన ఇండ్లు, పొలములు నాశనమై, స్త్రీలును పిల్లలును నిర్బంధశిబిరములలో మరణించుచున్న కాలమది. శిబిరముల నిర్వాహము, పొలముల పునఃస్థాపనము ఆ యువకుని మీద పడెను. సామ్రాజ్యము లోకమునకు మేలు చేయు ఏర్పాటని ఆయన మనసారా నమ్మెను. ఆ నమ్మకము ఆయన దృష్టికి బలము నిచ్చినట్లే, అంధత్వమును గూడ ఇచ్చెను. 1910లో వ్రాసిన 'ప్రెస్టర్ జాన్' నవలలో ఆఫ్రికా ప్రజలను గూర్చిన మాటలు నేటి పాఠకునకు మనస్తాపము కలిగించును. మరికొన్ని నవలలలో యూదులను గూర్చి పాత్రలు పలుకు మాటలును అట్టివే. తరువాతి కాలమున ఆయన బ్రిటిషు పార్లమెంటులో యూదుల పక్షమున నిలిచిన మాట నిజమేయైనను ఆ పుటలు మాసిపోలేదు.

1903లో లండను చేరిన పిమ్మట కొంతకాలము న్యాయవాదవృత్తి సాగెను. 1907లో సూసన్ గ్రాస్వెనర్ అను విదుషిని వివాహమాడెను. ఆక్స్‌ఫర్డు స్నేహితుడు టామీ నెల్సన్ ఎడింబరోలోని థామస్ నెల్సన్ ప్రచురణసంస్థకు ఆయనను తీసికొనిపోయెను. మంచి గ్రంథములను సామాన్యులు కొనగల వెలకు అచ్చొత్తించుట అచ్చటి పని. ఆ సంస్థ పక్షముననే 'స్కాటిష్ రివ్యూ' అను వారపత్రికకు సంపాదకుడయ్యెను. స్కాట్లండుకు లండను పత్రికలతో సమానమగు సాహిత్యపత్రిక ఒకటి ఉండవలెనని ఆశించెను. పాఠకులు ఆశించినంతమంది రాలేదు. 1908లో పత్రిక మూతబడెను. సంపాదకుని బల్లమీద నిండుగానున్న వ్రాతలకును, అంగడిలో అమ్ముడుపోవు ప్రతులకును గల దూరము అప్పుడు తెలిసివచ్చెను.

1911లో తండ్రి మరణించెను. భారతదేశమున సివిల్ సర్వీసులో ఉద్యోగియైన తమ్ముడు విలియమ్ 1912లో సెలవుపై స్వదేశము వచ్చి జబ్బుపడి చనిపోయెను. ఆ వెనువెంటనే బకన్‌కు జీర్ణకోశవ్యాధి తలయెత్తెను. ప్రేగులో పుండు. అది ఆయనను మరణమువరకు విడువలేదు. పాలు, గ్రుడ్లు, ఉడికిన చేప, ఇవియే పలుమారు ఆహారమయ్యెను. ఆయన నవలలలోని వీరులు కొండలపై తిరిగి వచ్చి, పల్లెటూరి వంటయింటి పొయ్యిప్రక్క కూర్చుండి, పందిమాంసము, గ్రుడ్లు, వేడి రొట్టెలు కడుపార భుజించు ఘట్టములు ఎన్నియో కలవు. వ్రాయువానికి నిషిద్ధమైన విందు పాత్రలకు లభించెను!

1914 వేసవిలో యుద్ధము ఆరంభమయ్యెను. బకన్ ఇంగ్లండు తూర్పుతీరమునందలి బ్రాడ్‌స్టెయిర్స్ పట్టణమున వ్యాధితో పడకపై నుండెను. సైన్యమున చేరుటకు వయస్సును లేదు, ఆరోగ్యమును లేదు. ప్రొద్దుపుచ్చుటకు ఒక చిన్న కథ మొదలుపెట్టెను. రిచర్డు హానే అను గనుల ఇంజనీరు దక్షిణాఫ్రికానుండి లండను వచ్చి విసుగుతో కాలము గడుపుచుండగా, ఆతని గదిలో ఒక మనుజుడు హత్యకు గురియగును. పోలీసులొకవైపు, శత్రుగూఢచారులు మరొకవైపు వెంటాడగా హానే గాలొవే కొండలలోనికి పారిపోవును. రోడ్డుకు రాళ్ళు కొట్టువాని వేషమున ధూళి పూసికొని కూర్చుండు ఘట్టము, సాహిత్యాభిమానియైన పూటకూటింటి యువకుడు ఆతని కథ విని సంబరపడు ఘట్టము ఎన్నడును మరపునకు రావు. 'ముప్పదితొమ్మిది మెట్లు' అను ఈ నవల 1915లో 'బ్లాక్‌వుడ్స్' మాసపత్రికలో రచయిత పూర్తి పేరు లేకయే వెలువడి, ఆ అక్టోబరులో పుస్తకమయ్యెను. కందకములలోని సైనికులు దానిని చదివి కష్టము మరచిరి. 1935లో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ దానిని చలనచిత్రముగా తీసెను. రచయిత కాలక్షేపముగా భావించిన ఆ చిన్న పుస్తకమే ఆయన పేరును అన్నిటికన్న ఎక్కువ కాలము నిలిపెను.

యుద్ధకాలమున ఆయన చేసిన పని ఒక మనుజునకు మించినది. నెల్సన్ సంస్థకై యుద్ధచరిత్రను ఇరువదినాలుగు సంపుటములుగా వ్రాసెను. 1915లో 'టైమ్స్' పత్రికకు రణరంగమునుండి వార్తలు పంపెను. 1917లో ప్రధాని లాయడ్ జార్జి సమాచారశాఖను స్థాపించి దానిని ఆయనకు అప్పగించెను. ఏ వార్త ప్రజలకు తెలియవలెను, ఏ వార్త ఎట్టి రూపమున తెలియవలెను అను నిర్ణయము ఆయన చేతిలో నుండెను. ఆ యేడు ఏప్రిల్ 9వ తేదీన ఆరాస్ యుద్ధమున చిన్న తమ్ముడు ఆలస్టెర్ మరణించెను. 'ముప్పదితొమ్మిది మెట్లు' అంకితము పొందిన స్నేహితుడు టామీ నెల్సన్ కూడ ఆ దినముననే, ఆ రంగముననే నేలకొరిగెను. ధైర్యము చెప్పు వార్తలను దేశమునకు పంపవలసిన అధికారి తన యింటికి వచ్చిన వార్తను ఒంటరిగా భరింపవలసివచ్చెను. అచ్చులో పడు యుద్ధమును, ఇంటి గుమ్మమునకు వచ్చు యుద్ధమును ఒకటి కావని ఆయనకు ఎవరును నేర్పనక్కరలేకపోయెను.

1919లో ఆక్స్‌ఫర్డు సమీపమున ఎల్స్‌ఫీల్డు అను గ్రామమున పాతయిల్లు కొని అందు కాపురముండెను. పనిదినములలో రైలెక్కి లండను పోవును. మిగిలిన వేళల వ్రాయును. చరిత్రలు, జీవితచరిత్రలు, నవలలు వరుసగా వెలువడుచుండెను. మాంట్రోజ్ సేనాని జీవితచరిత్ర 1928లో వెలువడి జేమ్స్ టెయిట్ బ్లాక్ బహుమానమును పొందెను. 1927 మొదలు 1935 వరకు స్కాట్లండు విశ్వవిద్యాలయముల పక్షమున పార్లమెంటు సభ్యుడుగా నుండెను. ఇట్లు బాధ్యతలు పెరిగిన కొలదియు ఆయన కథలలో నవ్వు పెరుగుట గమనింపదగినది. 1922లో వ్రాసిన 'హంటింగ్‌టవర్' నవలకు నాయకుడు వీరుడు కాడు, డిక్సన్ మెకన్ అను గ్లాస్గో పచారీ వర్తకుడు. ఏబదియైదేండ్ల వయస్సున దుకాణము అమ్మివేసి, సాహసము వెదకుచు నడకకు బయలుదేరును. ఆతనికి తోడుపడు సైన్యము గోర్బల్స్ మురికివాడల చింపిరిగుడ్డల బాలురు. 1925 నాటి 'జాన్ మెక్‌నాబ్' నవలలో ఒక న్యాయవాది, ఒక బ్యాంకరు, ఒక మంత్రి విసుగుజబ్బుతో బాధపడుదురు. అందుకు మందుగా కొండసీమల భూస్వాములకు ముందుగా ఉత్తరములు వ్రాసి, ఫలానా దినముల నడుమ మీ జింకను గాని చేపను గాని దొంగిలింతుమని సవాలు చేయుదురు. పత్రికావిలేఖరి యొకడు వీరి ఆటలో చేరి, వార్త వ్రాయవలసినవాడు వార్తను కప్పిపెట్టువాడగును.

ఈ వరుసలోనిదే 'కాజిల్ గే'. వెనుకటి మురికివాడ బాలురలో ఇద్దరు ఇందు యువకులై కనబడుదురు. జెయికీ కేంబ్రిడ్జిలో చదివిన రగ్బీ ఆటగాడు. డూగల్ క్రా పత్రికలలోనే కొలువుచేయు పత్రికారచయిత, యజమానిపై ఏమాత్రము గౌరవము లేనివాడు. నడకవిహారమునకు పోయిన ఈ స్నేహితులకు కుటీరమున చిక్కియున్న క్రా తారసపడును. ఆతని నివాసమునకు కల్పితదేశమగు ఎవలోనియానుండి రాజపక్షమువారును, వారి శత్రువులును వచ్చి చేరుదురు. ఏలయన క్రా తన పత్రికలలో ఆ దేశపు రాజకీయములను గూర్చి ధారాళముగా సలహాలిచ్చియుండెను. అచ్చులో సులభముగా పలికిన మాటలు నేడు మనుష్యులై తలుపు తట్టుచున్నవి! మరియొకవైపు ప్రత్యర్థిపత్రిక విలేఖరి టిబెట్స్ వాసన పట్టి తిరుగుచుండును. ఇంటికి పోజాలక, పేరు చెప్పజాలక, క్రా జెయికీ వెంట వానలో బురదలో నడచును. దారిలో ఎవ్వరును ఆతని గుర్తింపరు. తాను ఇచ్చినట్లుగా, తాను ఎన్నడును పలుకని అభిప్రాయములతో ఒక సంభాషణ ప్రత్యర్థిపత్రికలో అచ్చగుట చూచి నిశ్చేష్టుడగును. తన ఆయుధము తనకే తగిలినపుడు గాని దాని పదును తెలియలేదు.

ఇక్కడ బకన్ హాస్యము క్రూరమైనది కాదు. క్రాను నవ్వులపాలుచేసి విడిచిపెట్టుట సులభము. ఆయన అట్లు చేయలేదు. బొబ్బలెక్కిన పాదములతో, అరువు ధైర్యముతో నడచి నడచి, చివరకు ఆ పిరికివాడు దౌర్జన్యపరుల యెదుట తన కాళ్ళమీద తాను నిలువబడును. పత్రికలు కట్టియిచ్చిన పెద్దతనము జారిపోయిన పిమ్మట లోపల ఒక చిన్న నిజమైన మనుజుడు మిగిలెను. ప్రచారశాఖ గదులలో కూర్చుండి పెద్ద మాటలు దేశముమీదికి పంపిన రచయిత తనవంటివారికే ఈ పరీక్ష పెట్టినట్లు తోచును.

1935లో ట్వీడ్స్‌మ్యూర్ ప్రభువను బిరుదుతో కెనడా దేశమునకు గవర్నరు జనరలుగా పోయెను. ఆ పదవికి అలంకారమే ప్రధానము. అయినను ఆయన రాజధానిలో కూర్చుండలేదు. 1937లో మెకెంజీ నది వెంబడి ఉత్తరధ్రువసీమ వరకు ప్రయాణించెను. 1936లో ఆయన ప్రోత్సాహముతో స్థాపింపబడిన గవర్నరు జనరల్ సాహిత్యబహుమానములు ఆయన అనంతరము ఆ దేశపు ముఖ్య సాహిత్యగౌరవములలో ఒకటిగా ఎదిగెను. భార్య సూసన్ మైదానసీమల పల్లెలకు వేలకొలది పుస్తకములు పంపించు ఏర్పాటుచేసెను. ఆరోగ్యము మాత్రము నానాటికి క్షీణించుచుండెను. 1939 సెప్టెంబరు 10న కెనడా యుద్ధము ప్రకటించినపుడు, వెనుకటి యుద్ధమున తమ్ముని, స్నేహితుని కోల్పోయిన ఆయనయే ఆ పీఠముమీద నుండెను.

ఆ చివరి మాసములలో ఒక నవల పూర్తిచేసెను. 'సిక్ హార్ట్ రివర్' అను ఆ పుస్తకము 1941లో, ఆయన మరణానంతరము వెలువడెను. 'జాన్ మెక్‌నాబ్'లో చేపలు దొంగిలించి నవ్వించిన న్యాయవాది లీథెనే ఇందు నాయకుడు. క్షయరోగముతో మరణము నిశ్చయమని తెలిసి, కెనడా ఉత్తరారణ్యములలో తప్పిపోయిన ఒకనిని వెదకుటకు పోవును. చలిగాలికి ప్రాణము కుదుటపడుచున్న వేళ, ఆకలిచే నశించుచున్న ఆదివాసుల తెగకు తోడ్పడుటకై దక్కిన ప్రాణమును ధారపోయును. 'ప్రెస్టర్ జాన్' వ్రాసిన చేతి నుండియే ఈ ముగింపు వచ్చెను. ముప్పదియేండ్లలో ఆ మనుజుడు నడచిన దూరము ఎంతో ఈ రెండు పుస్తకముల నడుమ కొలుచుకొనవచ్చును.

1940 ఫిబ్రవరి మొదటివారమున స్నానపుగదిలో పక్షవాతము వచ్చి పడిపోగా తలకు బలమైన గాయము తగిలెను. మాంట్రియల్ నగరమున ప్రసిద్ధ శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డు చికిత్స చేసెను. ఫలింపలేదు. ఫిబ్రవరి 11వ తేదీన అరువదినాలుగేండ్ల వయస్సున బకన్ మరణించెను. అస్థికలు ఎల్స్‌ఫీల్డు గ్రామపు చర్చి ఆవరణమున ఉంచబడెను.

ఆయన వ్రాసిన పుస్తకములు సుమారు నూరు. వానిలో ఇరువదినాలుగు సంపుటముల యుద్ధచరిత్ర నేడు గ్రంథాలయపు పై అరలకు చేరినది. పడకపై పడియుండి ప్రొద్దుపుచ్చుటకు వ్రాసినదియు, తీరిక వేళల నవ్వుచు వ్రాసినవియు ఇంకను చదువరుల చేతులలో నున్నవి. పదవి, బిరుదు, పత్రిక మనుజునకు తొడుగు లిచ్చును. ఆ తొడుగులన్నియు బకన్ ధరించెను, వాని బరువును ఎరిగెను. అందుచేతనే తన పాత్రలను పేరు లేకుండ, డబ్బు లేకుండ, వానలో కొండమీద విడిచి, ఇప్పుడు నడువుమని ఆజ్ఞాపించెను. క్రా నవ్వు పుట్టించుచు నడచెను. లీథెన్ కన్నీరు పుట్టించుచు నడచెను. ఇద్దరును చేరినచోటు మాత్రము ఒక్కటియే.